ఫిట్స్ ఉన్న బాబుకి జ్వరం, వాంతులు. మందు కూడా కడుపులో నిలవడం లేదు, ఏం చేయాలి?

బాబు అమ్మ, కొత్తగూడెం (సాయంత్రం 6:50)
అందరికీ నమస్కారం. మా బాబుకి ఏడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. కూర్చోలేడు, మింగలేడు. పాలైనా జావైనా ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబ్‌తోనే. ఫిట్స్‌కి రెండు పూటలా సోడియం వాల్‌ప్రోయేట్ సిరప్. ఆరు నెలలుగా ఒక్క ఫిట్ కూడా రాలేదు. నిన్న రాత్రి నుంచి 102 జ్వరం. ఇవాళ మూడు వాంతులు. ఉదయం వేసిన ఫిట్స్ మందు పది నిమిషాల్లోనే కక్కేశాడు. మళ్లీ వేయాలో వద్దో తెలియక ఊరుకున్నాను. చూసే డాక్టరు గారు హైదరాబాద్‌లో ఉంటారు, ఫోన్ ఎత్తడం లేదు. పోయినసారి ఇలాగే అయితే ఇక్కడ ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. "ఇలాంటి పిల్లలు ఇంతేనమ్మా" అని సెలైన్ ఎక్కించి పంపేశారు. ఫిట్స్ మందు వేశారా అని ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చాక అర్ధరాత్రి ఫిట్స్ వచ్చాయి. అందుకే మళ్లీ వెళ్లాలంటే భయం. ఇంట్లోనే చూసుకోవచ్చా? మా అత్తగారు రేపు చూద్దాం అంటున్నారు.

పాప అమ్మ, తెనాలి (7:02)
చెల్లీ, ముందు మూడు సంగతులు చెప్పు. ఉచ్చ ఎప్పుడు పోశాడు? డొక్కలు ఎగరేస్తున్నాడా? రోజూలా నిన్ను గుర్తుపడుతున్నాడా?

బాబు అమ్మ (7:06)
మధ్యాహ్నం రెండింటికి డైపర్ మార్చాను అక్కా, ఇప్పటికీ పొడిగానే ఉంది. డొక్కలు ఎగరడం లేదు కానీ గొంతులో గురగుర. మామూలుగా నా గొంతు వింటే నవ్వుతాడు. ఇప్పుడు కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తున్నాడు.

పాప అమ్మ, తెనాలి (7:09)
అయితే రేపు కాదు, ఇప్పుడే బయలుదేరండి. అత్తగారికి నా మాటగా చెప్పు. ఐదు గంటలు డైపర్ తడవలేదు, ఫిట్స్ మందు ఒక పూట పోయింది, పిల్లాడు మత్తుగా ఉన్నాడు. ఈ మూడూ ఒక్కసారి వస్తే మన పిల్లలకి ఇంటి వైద్యం చాలదు. బండి దొరక్కపోతే 108కి చేయండి.

పిల్లల ఐసీయూ నర్సు, విశాఖపట్నం (7:15)
అక్క చెప్పింది నిజం. దారికి సరిపడా మాత్రం చెబుతాను. వాంతి ఆగేదాకా ట్యూబ్‌లో పాలు, జావ ఆపేయండి. ముక్కు దగ్గర ట్యూబ్ మీద ఉన్న గుర్తు చూడండి. దగ్గుకీ వాంతికీ ట్యూబ్ పైకి జరుగుతుంది. గుర్తు జరిగి ఉంటే మందు కూడా అందులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. బండిలో వెల్లకిలా పడుకోబెట్టొద్దు. తల కొంచెం ఎత్తులో, పక్కకి తిప్పి పట్టుకోండి. ఫిట్ వస్తే ఫోన్‌లో టైము చూడండి. ఐదు నిమిషాలు దాటేలా ఉంటే మీ డాక్టరు రాసిచ్చిన మిడజోలం ముక్కు స్ప్రే కొట్టండి. ఎన్ని పఫ్‌లో ఆ చీటీలోనే ఉంటుంది, సొంతంగా పెంచొద్దు. నోట్లో చెంచా పెట్టడం, చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, ఏదీ వద్దు. పెద్దవాళ్లు పక్కనుంచి అందిస్తూనే ఉంటారు, మీరు తీసుకోకండి.

జ్వరం మందు వేశారా?

బాబు అమ్మ (7:19)
నాలుగింటికి పారాసిటమాల్ వేశాను, సీసా మీద ఏడేళ్లకి ఉన్న లెక్క ప్రకారం. బరువు 14 కిలోలు.

నర్సు, విశాఖపట్నం (7:24)
ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మన పిల్లలు వయసుకి తగ్గ బరువు ఉండరు, అందుకని సీసా మీది వయసు చూడకూడదు. కిలోకి 15 మిల్లీగ్రాములు, అంటే 14 కిలోలకి ఒక డోసు 210. 5 మి.లీ.లో 125 ఉన్న సిరప్ అయితే సుమారు 8 మి.లీ., 250 ఉన్నదైతే సుమారు 4. రెండు సీసాలూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే డోసు రెట్టింపో సగమో అయిపోతుంది. ఇక ఆరు గంటల తేడా ఇవ్వండి, రోజుకి నాలుగుసార్లు మించొద్దు. ఒళ్లు ఎండిపోయినప్పుడు మెఫెనమిక్ యాసిడ్ ఉన్న జ్వరం సిరప్‌లు డాక్టర్ని అడక్కుండా వేయొద్దు.

ఇంకో బాబు నాన్న, డాలస్ (7:28)
దారిలోనే ఒక కాగితం రాసేయండి. ఇక్కడ అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం ఇలాంటి పిల్లల కోసమే ఎమర్జెన్సీ ఇన్ఫర్మేషన్ ఫామ్ అని పెట్టింది. మనకి ఫామ్ అక్కర్లేదు, ఒక పేజీ చాలు. జబ్బు పేరు, బరువు, మందులు ఎన్ని మి.లీ. ఏ టైముకి, చివరి డోసు ఎప్పుడు పడింది, ఏ మందు పడదు. అన్నిటికంటే ముఖ్యం, మీ వాడు బాగున్నప్పుడు ఎలా ఉంటాడో రాయండి. "అమ్మ గొంతు వింటే నవ్వుతాడు, ఇవాళ నవ్వడం లేదు" అని మీరు పైన రాశారు చూడండి, ఆ ముక్క రాయండి. మొదటిసారి చూస్తున్న డాక్టరుకి వాడు ఎప్పుడూ ఇలాగే మత్తుగా ఉంటాడేమో అనిపిస్తుంది. పోయినసారి మీకు జరిగింది అదే.

నర్సు, విశాఖపట్నం (7:33)
కాగితం చివర ఇది కూడా రాయండి: "నోటి ద్వారా మందు వీలుకాకపోతే వాల్‌ప్రోయేట్ ఇంజెక్షన్‌గా ఇవ్వగలరా?" ఐసీయూలో మెరోపెనెమ్ అనే యాంటీబయోటిక్ మొదలుపెడతామంటే, బాబు వాల్‌ప్రోయేట్ మీద ఉన్నాడని మళ్లీ గుర్తుచేయండి. రెండూ కలిస్తే రక్తంలో వాల్‌ప్రోయేట్ బాగా పడిపోతుంది. షుగర్ కూడా ఒకసారి చూడమని అడగండి.

కొత్త సభ్యురాలు, నిజామాబాద్ (8:10)
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకీ ట్యూబే. వాంతులు తగ్గాక టెట్రా ప్యాక్‌లో వచ్చే ఓఆర్ఎస్ పోయొచ్చా?

పాప అమ్మ, తెనాలి (8:18)
అట్టపెట్టె డ్రింకులు వద్దమ్మా, చాలావాటిలో చక్కెర ఎక్కువ. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార పదార్థాల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, సరైన ఫార్ములా లేని డ్రింకుల పేరులో ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదంది. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న 20.5 గ్రాముల పొడి ప్యాకెట్ తీసుకో, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం కలుపు. సగం ప్యాకెట్ సగం నీళ్లు లెక్కలు పెట్టుకోకు. ట్యూబ్‌లో పోసేటప్పుడు సిరంజి పిస్టన్ నొక్కొద్దు, తీసేసి గొట్టం పైకి పట్టుకుంటే దానంతట అదే దిగుతుంది. ఒక్కసారి పావు గ్లాసు పోస్తే మళ్లీ కక్కేస్తారు. కొంచెం కొంచెంగా, విసుగొచ్చేంత నెమ్మదిగా. ఎంత పోయాలో మీ డాక్టరు బరువుని బట్టి చెబుతారు.

బాబు అమ్మ (మర్నాడు రాత్రి 9:30)
ఇప్పుడే ఫోన్ పట్టుకున్నాను. ఈసారి వేరే ఆసుపత్రికి వెళ్లాం. షుగర్ 52 ఉంది, వెంటనే గ్లూకోజ్ ఎక్కించారు. కుడివైపు ఊపిరితిత్తిలో నెమ్ము. వాంతి లోపలికి పోయి ఉంటుందన్నారు. ఫిట్స్ మందు ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు, ఫిట్ రాలేదు. డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి. కాగితం రెండుసార్లు చదివి, "నవ్వు ఎప్పటినుంచి లేదమ్మా?" అని అడిగింది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. నిన్నటి దాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

సాయంత్రం కొంచెం నవ్వాడు. మూతి ఒకవైపే కదిలింది, అయినా నవ్వే.

నర్సు గారూ, ఒక పొరపాటు బయటపడింది. నేను 14 కిలోలు అని రాశాను, వాళ్లు తూచితే 12.8. మందులన్నీ ఆ లెక్కన మార్చి రాశారు. పోయిన దసరాకి తూచిందే గుర్తుపెట్టుకున్నాను నేను.

నర్సు, విశాఖపట్నం (9:41)
డిశ్చార్జి రోజు ఇంకోసారి తూచమనండి. కాగితం మీద బరువు పక్కనే తేదీ వేయండి.