స్లింగ్ అంటే ఉండేలా, వడిసెలా?

ప్రశ్న: స్కాట్లాండ్‌లో బర్న్స్‌వార్క్ అనే గుట్ట గురించి రాస్తున్నానండీ, అక్కడ రోమన్ సైనికులు స్లింగ్‌తో విసిరిన సీసపు ఉండలు వందల్లో దొరికాయి. స్లింగ్‌ని ఉండేలు అనొచ్చా?

జవాబు: వద్దండీ, వడిసెల అనండి. ఉండేలుకి విల్లో, పంగలకర్రకి కట్టిన రబ్బరో ఉండాలి, లాగి వదిలితే రాయి పోతుంది. రోమన్లది అది కాదు. మధ్యలో రాయి పెట్టుకునే తిత్తి, రెండు వైపులా తాళ్లు, ఒక తాడు కొస వేలికి తగిలించుకుని రెండోది గుప్పిట్లో పట్టుకుని గిర్రున తిప్పి ఆ రెండో కొస వదిలేస్తే రాయి రివ్వున పోతుంది. మన జొన్నచేలల్లో మంచె ఎక్కి పిట్టల్ని తోలేది అచ్చం దీంతోనే, తెలంగాణ సాయుధ పోరాటంలో ఊళ్లవాళ్లు రజాకార్ల మీద రాళ్లు రువ్విందీ దీంతోనే. ఇంత బతికున్న మాట ఉండగా వేరేది ఎందుకు?

ఆ గుట్ట సంగతి కూడా కొంచెం రాయండి, మన గ్రూపులో చాలామందికి తెలీదు. పైన రోమన్లు రాకముందే కట్టిన ఇనుప యుగం కోట, అంతకంటే పాతది కంచు యుగం నాటి సమాధి రాళ్లగుట్ట. కింద ఉత్తరాన ఒకటి దక్షిణాన ఒకటి రోమన్ దండు విడిదులు, దక్షిణం విడిది ముందు పైకి గురిపెట్టినట్టు మూడు పెద్ద మట్టిదిబ్బలు. క్రీ.శ. 140 ప్రాంతంలో ఆంటోనినస్ పయస్ చక్రవర్తిగా ఉన్నప్పుడు రోమన్లు ఆ కోట మీద దాడి చేశారని కొందరంటారు, 1960లలో అక్కడ తవ్విన పురావస్తు పరిశోధకుడు జార్జ్ జోబీ మాత్రం అప్పటికే కోట పాడుబడింది, సైనికులు గురి ప్రాక్టీస్ చేసుకున్నారు అన్నాడు. 2015 నుంచి జాన్ రీడ్ అనే పరిశోధకుడి జట్టువాళ్లు మెటల్ డిటెక్టర్లతో వెతికి మళ్లీ దాడి వైపే మొగ్గారు. నాకూ అదే సబబనిపిస్తుంది, ఎందుకంటే చిన్న ఉండల్లో కొన్నిటికి 5 మిల్లీమీటర్ల చిల్లు తొలిచి ఉంది, ఒక్కోటి 30 గ్రాములు కూడా ఉండదేమో, గాల్లో పోతుంటే కందిరీగల్లా ఝుమ్మని మోగుతాయి. ఉత్త ప్రాక్టీసుకైతే ఇన్నిటికి కూర్చుని చిల్లులు పెట్టే ఓపిక ఎవరికుంటుంది, అది ఎదుటివాళ్లని బెదరగొట్టడానికే అనిపిస్తుంది.

ప్రశ్న: చాలా థాంక్సండీ. మరి ఆ సీసపుదాన్ని తూటా అనేయనా?

జవాబు: తూటా అంటే చదివేవాళ్లకి తుపాకీ గుర్తొస్తుందండీ, రోమన్ల చేతిలో తుపాకీ ఏంటి అనుకుంటారు. సీసపు ఉండ అనండి, మొదటిసారి వచ్చినచోట నిమ్మకాయ ఆకారంలో రెండు కొసలూ మొనదేలి ఉంటాయని చెప్పేయండి. విసిరింది అనేకంటే రువ్వింది అని రాస్తే ఇంకా బాగుంటుంది. మా వైపు ఒడిసెల అని కూడా అంటారు, మీ ఊళ్లలో ఏమంటారో మిగతావాళ్లు కూడా చెప్పండి.