గర్భిణుల భోజనం అంగన్‌వాడీలోనే పెట్టాలా, సరుకులు ఇంటికి ఇవ్వాలా?

చర్చ ప్రారంభించినవారు, హనుమకొండ:
తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం ప్రకారం గర్భిణులు, బాలింతలు మధ్యాహ్నం అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చి ఒక పూట నిండు భోజనం చేయాలి. అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే ఇస్తారు. ఐరన్ మాత్ర కూడా టీచరు ఎదుటే వేసుకోవాలి. కోవిడ్ రోజుల్లో కేంద్రాలు మూతపడి సరుకులు ఇళ్లకు చేరాయి. ఆ పద్ధతినే కొనసాగించాలన్న వాదన అప్పటి నుంచి వినిపిస్తోంది. నేనూ ఆ వైపే మొగ్గుతున్నాను. కూలికి వెళ్లే గర్భిణి పన్నెండింటికి చేను వదిలి రాలేదు కదా. భిన్నాభిప్రాయం ఉన్నవారు కారణాలతో రాయగలరు.

విశ్రాంత అంగన్‌వాడీ సూపర్‌వైజరు, నాగర్‌కర్నూలు జిల్లా:
నేను అంగీకరించను. ఇంటికి వెళ్లిన సరుకు ఇంటిల్లిపాదిదీ అవుతుంది. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం పిండి పొట్లాన్నే చూడండి. తియ్యగా ఉంటుంది గనుక పెద్దపిల్లలూ తలా పిడికెడు తింటారు, నెల నిండకముందే పొట్లం ఖాళీ అవుతుంది, అందుకు ఏ తల్లినీ తప్పుపట్టలేం. ముప్పై గుడ్లు ఒక్కసారిగా ఇంటికి పంపితే, అందరికీ వడ్డించి చివర తినే కోడలి వంతుకు ఎన్ని మిగులుతాయో మన ఇళ్ల సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. బాలింతకైతే పథ్యమంటూ గుడ్డే పెట్టని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కేంద్రంలో ఆమె కంచంలోది ఆమే తింటుంది. వచ్చినప్పుడు బరువు చూస్తారు, కాళ్ల వాపు కనబడితే ఊరి నర్సు ఏఎన్‌ఎమ్‌కు కబురు పంపుతారు. నెలకోసారి అత్తగారు వచ్చి సంచి పట్టుకుపోతే ఆ వాపును ఎవరు చూస్తారు?

ఉపాధ్యాయిని, ఆసిఫాబాద్ జిల్లా:
సూపర్‌వైజరు గారు చెప్పింది కేంద్రానికి రాగలిగిన స్త్రీ విషయంలో నిజమే. మా వైపు పత్తి ఏరడానికి కూలి కిలోల లెక్కన ఇస్తారు. మధ్యాహ్నం చేను నుంచి ఊళ్లోకి వచ్చి, తిని, తిరిగి వెళ్లేసరికి ఆమె ఎన్ని కిలోలు నష్టపోతుందో లెక్క వేసుకుంటే, ఆ భోజనం ఆమెకు ఉచితం కాదని తెలుస్తుంది. తండాలో, గూడెంలో ఉండేవారికి కేంద్రం మరో ఊళ్లో ఉంటే ఇక చెప్పేదేముంది?

అంతకంటే పెద్ద చిక్కు మన ఆచారంలోనే ఉంది. తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది, పేరు మాత్రం అత్తవారి ఊరి కేంద్రంలో ఉంటుంది. లబ్ధిదారుల వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరు బదిలీ చేసే వీలున్నా, అలా అడగాలని ఎంతమందికి తెలుసు? కాన్పయ్యాక పచ్చి బాలింతను వారాల తరబడి గడప దాటనివ్వరు. నెలలు నిండుతున్నప్పుడు, బిడ్డకు పాలిస్తున్న తొలి రోజుల్లో, అంటే తిండి అత్యవసరమైన కాలంలోనే ఆమె కేంద్రానికి దూరమవుతుంది. అత్తగారు సగం గుడ్లు ఇతరులకు పెట్టినా, మిగిలిన సగమైనా ఆమెకు దక్కుతాయి. కేంద్రంలో ఉన్న భోజనంలో ఆమెకు దక్కేది ఏమీ లేదు.

అంగన్‌వాడీ టీచరు, నల్గొండ జిల్లా:
ఇద్దరికీ ఒక మాట చెప్పాలి. ఇంటికి ఇచ్చే సరుకుకు ఇప్పుడు పోషణ్ ట్రాకర్‌లో ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. కనుక అత్తగారు వచ్చి సంచి పట్టుకుపోవడం కాగితం మీద కుదరదు, పచ్చి బాలింతే స్వయంగా రావాలి, లేదా మేమే ఫోను పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాలి. సిగ్నల్ లేకపోయినా, ఆధార్ ఫొటోతో ముఖం సరిపోలకపోయినా ఆ రోజుకు పని ఆగిపోతుంది. ఇంటికివ్వడం సులువన్న భావన అందరూ వదులుకోవాలి. వంట మాత్రం మాకు అదనపు భారమేమీ కాదు, మూడేళ్లు నిండిన పిల్లలకు ఎలాగూ పొయ్యి వెలిగించాలి. కూరగాయల బిల్లులు నెలల తరబడి ఆగినప్పుడు చేతి డబ్బు పెట్టుకోవడమే కష్టం.

న్యాయవాది, హైదరాబాద్:
చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం రెండో షెడ్యూలు అంగన్‌వాడీల్లో వేడి భోజనం నిర్దేశించింది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకే. గర్భిణులకు, బాలింతలకు చట్టం వచ్చినప్పుడు రోజుకు 600 కిలోకేలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ అందేలా ఇంటికి ఇచ్చే రేషన్‌నే పేర్కొంది. అంగన్‌వాడీలో వడ్డించాలన్నది రాష్ట్ర ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. అదే చట్టంలోని నాలుగో సెక్షన్ 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయం ఇవ్వాలంటుంటే, దాని పేరిట 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం ప్రధానమంత్రి మాతృ వందన యోజన తొలి కాన్పుకు 5,000 ఇస్తోంది. నెలలు నిండిన స్త్రీ చేనులో ఎందుకు ఉందన్న ప్రశ్నకు జవాబు ఈ మొత్తంలోనే ఉందని నా అభిప్రాయం. పోగొట్టుకునే కూలికి సరిపడా సాయం అందిన స్త్రీ పన్నెండింటికి ఎక్కడ తినాలో నిశ్చింతగా తేల్చుకోగలదు.

చర్చ ప్రారంభించినవారు:
అలాగైతే ఏ నెలకు ఆ నెల కేంద్రమో, ఇల్లో ఆమెనే ఎంచుకోనిస్తే సరిపోదా?

విశ్రాంత సూపర్‌వైజరు:
సరిపోదు. ఎంపిక ఆమెకు ఇచ్చామని మనం అనుకుంటాం, ఎంచుకునేది అత్తగారు. వీలున్న రోజుల్లో కూడా ఆమెను ఇల్లు కదలనివ్వరు. నియమం ప్రభుత్వానిదైతే, టీచరు రమ్మంటోందని చెప్పుకొని అయినా ఆమె బయటకు వస్తుంది.

ఉపాధ్యాయిని:
అయితే ఎంపిక వద్దు, కాలాన్ని బట్టి నియమం పెట్టండి. ఎనిమిదో నెల నుంచి, కాన్పయ్యాక రెండు నెలల వరకు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో ఇంటికే ఇవ్వాలి, మిగతా కాలమంతా కేంద్రంలో పెట్టాలి. పత్తి ఏరే నెలల్లో ఆ భోజనాన్ని ఉదయం ఎనిమిదింటికి మార్చాలి.

అంగన్‌వాడీ టీచరు:
మొదటి సూచన మాకు సమ్మతమే, ఇంటికి వెళ్లి ఫొటో తీయడానికి దారి ఖర్చు ఇవ్వాలి. రెండోది అడిగేముందు, ఎనిమిదింటికి అన్నం వడ్డించాలంటే ఆయా ఎన్నింటికి వచ్చి పొయ్యి వెలిగించాలో, ఆ అదనపు గంటలకు ఎంత చెల్లిస్తారో కూడా ఇక్కడే రాయండి.