యజమానులు కాపురముంటున్న ఫ్రెంచి కోటను చూడవచ్చునా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
గజపతుల కోటను గేటు బయటి నుంచే చూస్తూ పెరిగినవాణ్ణి. పారిస్‌లో చదువుతున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, సొంతదారులు ఇంకా నివసిస్తున్న కోట ఒకటి చూడాలని ఉన్నది. పరాయివాళ్లను లోపలికి రానిస్తారా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు (బరంపురం నుంచి):
రానిస్తారండీ, టిక్కెట్టు కొంటే చాలు. లువార్ లోయలోని షవెర్నీకి వెళ్లండి. బ్లువా స్టేషనులో దిగాలి. మధ్యలో కొన్నిసార్లు చేయి మారినా ఆ ఎస్టేటు తిరిగి పాత వంశం వారికే దక్కింది. 17వ శతాబ్దంలో కట్టిన ఈ భవనాన్ని 1922లోనే సందర్శకులకు తెరిచారు. గోడలకు వాడిన బూరే రాయి వయసు పెరిగేకొద్దీ తెల్లబడుతుంది గనుక, మన ఇళ్లలాగా దానికి ఏటేటా వెల్ల వేయనక్కరలేదు. అన్నిటికన్నా వేటకుక్కల భోజనం చూడవలసినది: సుమారు వంద కుక్కలు, ఎదురుగా మాంసం పరిచి ఉన్నా, కాపరి సైగ చేసేవరకు కదలవు. (మా వీధి కుక్కలకు ఆ చదువు ఎవరు చెబుతారో!)

జవాబు (రాయగడ నుంచి):
పై వారు చెప్పినదానికి ఒక సవరణ: కుటుంబం ఉండే భాగంలోకి మాత్రం ప్రవేశం లేదు. అంత దూరం వెళ్లలేకపోతే, పారిస్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోనే వో-ల-వికోంత్ ఉన్నది. దాన్ని కట్టించిన ఆర్థికమంత్రి నికొలా ఫూకే 1661 ఆగస్టులో రాజుగారికి ఘనంగా విందు చేసి, మరుసటి నెలలోనే ఖైదయ్యాడు. ఇదీ ఒక కుటుంబం ఆస్తే. 1968 నుంచి ప్రజలు చూస్తున్నారు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. కుక్కల కోసం షవెర్నీకే వెళదామని మా అమ్మాయి పట్టుబట్టింది.