ఎండుమిర్చి ముద్దలో మాంసం ఉడికించే చిల్లీ కాన్ కార్నేలో (వాడుకలో చిల్లీ) బీన్స్, అంటే రాజ్మా లాంటి ఎండు గింజలు, వేయొచ్చా, కూడదా?

మిరపతోట:
అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉన్న శాన్ ఆంటోనియో పద్ధతి చిల్లీలో బీన్స్ ఉండవు, టమాటా కూడా ఉండదు. స్పానిష్‌లో చిలే కాన్ కార్నే అంటేనే మాంసం వేసిన మిరప. ఎండుమిర్చి ముద్దే ఆ కూరకు ప్రాణం. 19వ శతాబ్దం చివర్లో ఆ ఊరి మిలిటరీ ప్లాజాలో పొద్దుగూకాక బల్లలు వేసి దీన్ని అమ్మిన మెక్సికన్ ఆడవాళ్లను చిల్లీ క్వీన్స్ అనేవారు. 1977లో టెక్సస్ దీన్ని తన రాష్ట్ర వంటకంగా ప్రకటించుకుంది. 1967లో అదే రాష్ట్రంలోని టెర్లింగ్వా అనే చిన్న ఊళ్లో మొదలైన చిల్లీ పోటీల సంప్రదాయంలో ఇవాళ్టికీ కుండలో బీన్స్ పనికిరావు.

పింటో గింజ:
మిరపతోట గారూ, పోటీ నిబంధనను చరిత్ర అనకండి. ఆ క్వీన్స్ బల్లల మీద చిల్లీతో పాటు టమాలేలు (పొత్తిలో చుట్టి ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్దలు), టోర్టియాలు (పల్చని రొట్టెలు), ఉడికిన బీన్స్ కూడా ఉండేవి. పుట్టుక పూర్తిగా టెక్సస్‌దే అన్నా ఒప్పుకోను. ఎండుమిర్చి నానబెట్టి రుబ్బి, ఆ ముద్దలో మాంసం ఉడికించడం ఉత్తర మెక్సికోలో చిలే కొలొరాడో పేరుతో ఉన్నదే. జీలకర్ర దండిగా వేయడం మాత్రం టెక్సస్ వాళ్ల గుర్తు.

ఉప్పుకారం:
మీ వాదన సరే గానీ, ముద్ద చేదెక్కుతుంది ఎందుకండీ? కొలతలు కూడా చెప్పండి.

మిరపతోట:
ఎక్కువగా మిర్చి మాడితేనే చేదు. కిలో బీఫ్‌కి మెక్సికన్ ఎండుమిర్చి రకాలైన ఆంచో 4, గ్వాహియో 5 తీసుకోండి. తొడిమలు, గింజలు తీసేసి పొడి పెనం మీద ఒక్కో వైపు 15 సెకన్లు వేడి చేస్తే చాలు, వాసన లేస్తుంది. నల్ల మచ్చ పడ్డ కాయ పారేయండి. వేడినీళ్లలో 25 నిమిషాలు నానాక ఆ నీళ్లు రుచి చూడండి. చేదుగా ఉంటే పారబోసి మంచినీళ్లతో రుబ్బండి. తప్పకుండా వడకట్టాలి, లేకపోతే తొక్కలు గొంతులో తగులుతాయి.

మాంసం భుజం భాగం, అర అంగుళం ముక్కలు. కొవ్వులో మూడు విడతలుగా ఎర్రగా వేయించాలి. ఒకేసారి కుమ్మరిస్తే నీరూరి ఉడుకుతుంది తప్ప వేగదు. ఉల్లిపాయ 1, వెల్లుల్లి 5 రెబ్బలు, వేయించి దంచిన జీలకర్ర 2 టీస్పూన్లు, మెక్సికన్ ఒరెగానో అనే ఎండు ఆకు 1 టీస్పూను. ముద్ద వేసి నాలుగు నిమిషాలు వేగనిచ్చి, ముక్క మునిగేలా నీళ్లు, ఉప్పు. సన్న మంట మీద రెండు, రెండున్నర గంటలు. తెర్లనిస్తే ముక్క పీచులా బిగుసుకుంటుంది. చివరి పావుగంటలో 2 టేబుల్‌స్పూన్ల మాసా హరీనా నీళ్లలో కలిపి పోయండి. అది సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్న పిండి. కార్న్‌ఫ్లోర్ వేస్తే జిగురు మిగులుతుంది, ఆ వాసన రాదు.

ఓరుగల్లు మిర్చి:
ఆంచో దొరకనిచోట గుంటూరు సన్నం వాడకండి. ఆంచో ఘాటు 1,000–2,000 స్కోవిల్ (కారాన్ని కొలిచే ప్రమాణం), సన్నం సుమారు 35,000. ముద్దకు సరిపడా వేస్తే నోట పెట్టలేం. బ్యాడిగి గానీ, మన వరంగల్ చపాటా గానీ తీసుకోండి. రంగు ఎక్కువ, కారం తక్కువ. ఆంచోకుండే తీపి కోసం నాలుగు కిస్‌మిస్ కలిపి రుబ్బండి.

పింటో గింజ:
బీన్స్ కావాలనుకునేవాళ్లు విడిగా ఉడికించి ఆఖరి 20 నిమిషాల్లో వేయండి. పింటో (మచ్చలుండే ఒక రకం చిక్కుడు గింజ) అయితే మేలు. రాజ్మా అయితే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కనీసం 10 నిమిషాలు తెర్లించి, ఆపైన మెత్తబడేదాకా ఉడికించాలి. పచ్చి రాజ్మాను నేరుగా స్లో కుక్కర్‌లో వేస్తే అందులోని విషపదార్థం నశించేంత వేడి రాదు, వాంతులవుతాయి. టమాటా వేసేవాళ్లు బీన్స్ మెత్తబడ్డాకే వేయండి. పులుపులో గింజ ఉడకదు.

మిరపతోట:
ఉడికించే పద్ధతి సరిగ్గా చెప్పారు. పక్క గిన్నెలో పెడితే నాకూ అభ్యంతరం లేదు, కుండలో మాత్రం వద్దు. ఇంకో జాగ్రత్త: అమెరికా డబ్బాల్లోని చిల్లీ పౌడర్ మన కారం కాదు, అందులో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిసే ఉంటాయి. ఆ వంటకాల్లో 3 టేబుల్‌స్పూన్లు అని ఉంటే మన కారప్పొడి అంత వేయకండి.