లంబసింగికి రెండు రోజుల బైక్ క్యాంపింగ్: మా ప్లాన్‌లో తప్పులుంటే చెప్పండి

ప్రశ్న (గాజువాక నుంచి)

అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారాంతంలో మేం నలుగురు స్నేహితులం మూడు బైకుల మీద లంబసింగి వైపు వెళ్దామనుకుంటున్నాం. ఒకటి పాత క్లాసిక్ 350, ఒకటి పల్సర్ 150, ఒకటి స్ప్లెండర్. హైవే మీద పోవడం మాకు ఇష్టం లేదు. ఊళ్ల మధ్య నుంచి, చెరకు తోటల పక్క నుంచి వెళ్లాలని కోరిక. టెంట్లు రెండు కొన్నాం, ఇంకా విప్పి చూడలేదు.

అనుకున్నది ఇది: శనివారం ఉదయం 8కి బయల్దేరి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కుతాం. మధ్యాహ్నం వంజంగి చూస్తాం. సాయంత్రం కొత్తపల్లి జలపాతం, రాత్రికి చింతపల్లి మీదుగా లంబసింగి. జలపాతం దగ్గర బాగుంటే అక్కడే టెంటు వేస్తాం. ఆదివారం చెరువులవేనం చూసుకుని నర్సీపట్నం మీదుగా ఇంటికి. నలుగురిలో ఇద్దరికి ఘాట్ రోడ్డు మీద బండి నడిపిన అనుభవం లేదు. ఏం మార్చుకోవాలి?

జవాబు (నర్సీపట్నం)

తమ్ముడూ, మీ ప్లాన్‌లో మూడు వారాంతాలకు సరిపడా ఊళ్లున్నాయి. విశాఖ నుంచి పాడేరే సుమారు 110 కిలోమీటర్లు. అందులో ఘాట్ ఉంది. మ్యాపులో చూపించే గంటలు కారువాళ్లవి. సామాను కట్టిన బైకు మీద, టీకి ఆగి, ఫొటోకి ఆగి, ఒకడి కోసం ఇంకొకడు ఆగి వెళ్తే లెక్క మారిపోతుంది.

నా మాట ఒక్కటి వినండి. సాయంత్రం నాలుగు గంటలకల్లా టెంటు వేసే చోట ఉండాలి. ముందు ఆ టైము రాసుకుని, దాని నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు గుంకుతుంది, కొండల మధ్య ఇంకా ముందే చీకటి పడుతుంది. ఆ తర్వాత మంచు దిగడం మొదలైతే పది అడుగుల ముందున్న మలుపు కూడా కనబడదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఐదేళ్ల క్రితం మేం ఇలాగే ఆలస్యంగా బయల్దేరి, చీకటి పడ్డాక రోలుగుంట వైపు వస్తున్నాం. చెరకు లోడుతో ఒక ట్రాక్టరు రోడ్డు పక్కన ఆగి ఉంది, వెనక లైటు లేదు. ముందున్న మావాడు చూసి బ్రేకు వేసేసరికే చెరకు గడలు హెల్మెట్‌కి తగిలాయి. పడిపోయాడు, కాలర్ ఎముక విరిగింది. హెల్మెట్ అద్దం దించి ఉండబట్టి కళ్లు దక్కాయి. మీరు వెళ్లేది సరిగ్గా చెరకు నరికే రోజుల్లోనే.

అందుకే పాడేరు, వంజంగి ఈసారికి వదిలేయండి. గాజువాక నుంచి అనకాపల్లి, చోడవరం, రావికమతం, కొత్తకోట, రోలుగుంట, నర్సీపట్నం, అక్కడి నుంచి ఘాట్ ఎక్కి లంబసింగి, తాజంగి. మొత్తం సుమారు 130 కిలోమీటర్లు. మీరు కోరుకున్న పల్లెదారి ఇదే. చోడవరం దాటాక వచ్చేది భీమిలి–నర్సీపట్నం రోడ్డు. బీఎన్ రోడ్డు అంటే ఈ చుట్టుపక్కల ఎవరికైనా గుంతలే గుర్తొస్తాయి. దాని మీద తొందర పనికిరాదు. కానీ పక్కనే బెల్లం గానుగలు ఆడుతుంటాయి, పాకం వాసన రోడ్డు మీదికి వస్తుంది. ఆగి అడిగితే వేడి బెల్లం చేతిలో పెడతారు. రావికమతం మండలంలోనే కల్యాణపులోవ రిజర్వాయరు ఉంది. కొండల కింద నీళ్లు, ఒడ్డున పోతురాజుబాబు గుడి. మధ్యాహ్నం అన్నం పొట్లాలు విప్పుకోవడానికి అంతకంటే మంచి చోటు ఆ దారిలో నాకు తెలియదు. ఆదివారాలు జనం ఎక్కువ, మీరు శనివారం వెళ్తారు కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఇంకొక సంగతి. కోతల రోజులు కదా, ఊరి దగ్గర రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాని మీద బ్రేకు వేస్తే ఇసుక మీద వేసినట్టే జారుతుంది. ముందే వేగం తగ్గించి నిదానంగా పక్క నుంచి వెళ్లండి.

జవాబు (అనకాపల్లి, మెకానిక్)

బాబూ, బళ్ల సంగతి నేను చెప్తాను. బయల్దేరే రోజు పొద్దున్న కాదు, ముందు ఆదివారమే చూసుకోవాలి. కొత్త బ్రేకు షూలు వేస్తే అవి సర్దుకోవడానికి నాలుగైదు రోజులు ఊళ్లో తిరగాలి.

స్ప్లెండర్‌కి, పల్సర్‌కి చైను ఊగు చూడండి. మామూలుగా 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి, మీ బండి పుస్తకంలో ఏం రాసుంటే అది. చైను బిగుసుగా ఉంచి వెనక మనిషిని, సామానుని ఎక్కిస్తే స్ప్రాకెట్ తినేస్తుంది. వెనక టైరు గాలి కూడా ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఇంకో లెక్క ఉంటుంది. చాలామంది ఒకే లెక్కలో నడిపేస్తారు.

పాత క్లాసిక్‌కి స్పోకుల చక్రాలు కాబట్టి ట్యూబు టైరే ఉంటుంది. దానికి ట్యూబ్‌లెస్ పుల్లల కిట్టు పనికిరాదు. స్పేర్ ట్యూబులు, ముందుకొకటి వెనక్కొకటి, చక్రం విప్పే పానా ఉండాలి. కొండ మీద పంక్చరు షాపు దొరకొచ్చు, మీ సైజు ట్యూబు ఉంటుందని నమ్మకం లేదు. మూడు బళ్లకీ క్లచ్ కేబుల్, ప్లగ్గు, ఫ్యూజులు తీసుకోండి. అన్నీ కలిపి ఒక చిన్న సంచి.

అలవాటు లేనివాళ్లకి ఘాట్ ఎక్కడం భయం, కానీ అసలు ప్రమాదం దిగడంలో ఉంది. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగాలి. న్యూట్రల్ చెయ్యకూడదు, పెట్రోలు ఆదా అని ఇంజిన్ ఆపకూడదు. బ్రేకు నొక్కి పట్టుకునే దిగితే డ్రమ్ము వేడెక్కి పట్టు పోతుంది. కాలిన వాసన వచ్చిందా, పక్కకి ఆపి పావుగంట చల్లారనివ్వండి. నీళ్లు పొయ్యొద్దు. మలుపులో ఆర్టీసీ బస్సు హారన్ వినబడితే మీ పక్కకి మీరు ఒదిగి ఉండండి, దానికి మలుపు తిరగడానికి రోడ్డంతా కావాలి.

పెట్రోలు నర్సీపట్నంలో ట్యాంకు నిండా కొట్టించండి. సీసాల్లో పోసుకుని బ్యాగులో పెట్టుకోవద్దు.

ప్రశ్న వేసినవారు

బాబాయ్ గారూ, చాలా థ్యాంక్స్. ముగ్గురం ఈ ఆదివారమే సర్వీసుకి ఇస్తున్నాం. సామాను ఎలా కట్టాలో కూడా చెప్పగలరా? స్ప్లెండర్ మీద ఇద్దరు వస్తున్నారు.

జవాబు (అనకాపల్లి, మెకానిక్)

ఇద్దరు ఎక్కే బండి మీద సామాను వద్దు. మిగతా రెండింటి మీద సర్దండి. బరువైనవి కిందకి, మధ్యకి. టెంటు సంచి తేలిక కాబట్టి వెనక సీటు మీద అడ్డంగా. ఎలాస్టిక్ తాళ్లు ఒక్కటే నమ్మొద్దు, గుంతల్లో సాగి వదులైపోతాయి. మామూలు నైలాన్ పట్టీ ఒకటి అదనంగా బిగించండి. వేలాడే కొసలు ముడేసెయ్యండి. చైనులో పడితే చక్రం అక్కడే బిగుసుకుపోతుంది. పది కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగి మళ్లీ బిగించాలి, మొదట కట్టిన కట్టు ఎప్పుడూ వదులవుతుంది.

జవాబు (చింతపల్లి మండలంలో ఉపాధ్యాయుడిని)

ఇక్కడ పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇక్కడివాళ్ల తరఫున కొన్ని మాటలు చెప్పాలి.

లంబసింగికి ఇక్కడ ఇంకో పేరు ఉంది, కొర్రబయలు. బయట నిలబడితే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ మాట. మీరు వచ్చే రోజుల్లో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే. విశాఖలో వేసుకునే స్వెట్టరు చాలదు. అసలు చలి కింద నుంచి వస్తుంది, కాబట్టి దుప్పటి ఎంత మందమైనా కింద పరిచే ఫోమ్ షీటు లేకపోతే నిద్ర పట్టదు. ఎండుగడ్డి దొరికితే టెంటు కింద పరుచుకోవచ్చు, రైతుని అడిగి.

ఒకటి గట్టిగా చెప్తున్నాను. చలికి తట్టుకోలేక కుంపటి, బొగ్గులు టెంటులోకి తీసుకెళ్లకండి. పొగ కనబడకపోయినా, వాటి నుంచి వచ్చే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని నిద్రలోనే చంపేస్తుంది. టెంటు పైన గాలి రంధ్రం తెరిచే ఉంచండి. మూసేస్తే మీ ఊపిరి తడే లోపల చుక్కలు కట్టి పక్కల మీద పడుతుంది.

జలపాతం దగ్గర టెంటు ఆలోచన మానేయండి. పైన ఎక్కడో వాన పడితే కింద మీకు తెలియకుండానే నీళ్లు పెరుగుతాయి, రాళ్లు నాచు పట్టి ఉంటాయి. అడవిలో సొంతంగా చోటు వెతుక్కోవడం కూడా వద్దు. తాజంగి రిజర్వాయరు దగ్గర, లంబసింగిలో టెంట్లు వేయించే స్థలాలున్నాయి. సొంత టెంటు తెచ్చుకున్నా చోటుకి డబ్బు కడితే వేసుకోనిస్తారు, బాత్రూము ఉంటుంది. రైతు పొలంలో వేసుకోవాలంటే ముందు ఆ ఇంటి పెద్దని అడగండి. వలిసె చేను పసుపుగా కనబడింది కదా అని ఫొటో కోసం లోపలికి దిగిపోతున్నారు. ఆ గింజల నూనె అమ్ముకునే బతుకులవి. తొక్కిన మొక్క మళ్లీ లేవదు.

దోమలకి టెంటు జిప్పు సాయంత్రం నుంచే మూసి ఉంచాలి. మన్యంలో మలేరియా ఉంది. ఇంటికెళ్లాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. చెప్పకపోతే అటువైపు ఆలోచన పోదు. బూట్లు బయట వదిలేస్తే పొద్దున్న దులిపి వేసుకోండి.

దారిలో పోలీసు తనిఖీలు ఉంటాయి, గంజాయి కోసం బ్యాగులు విప్పిస్తారు. ఓపిగ్గా చూపించండి. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం అందుబాటులో పెట్టుకోండి. తెలియనివాళ్లు ఇచ్చే పొట్లం, సంచి ఏదీ బండి మీద పెట్టుకోవద్దు, ఎంత బతిమాలినా సరే.

మీరు ఎక్కే ఘాట్ గురించి కూడా తెలుసుకుని రండి. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేసేటప్పుడు గిరిజనుల చేత అన్యాయమైన కూలికి వెట్టి చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పెట్టిన ఆ బాధ కూడా అల్లూరి సీతారామరాజు పితూరీకి, అంటే తిరుగుబాటుకి, ఒక కారణం. 1922 ఆగస్టు 22న ఆయన మొదట దాడి చేసింది మా చింతపల్లి పోలీస్ స్టేషను మీదే. పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు కిటికీలోంచి ఆ రోడ్డే చూపిస్తాను.

జవాబు (విజయనగరం)

నేనూ మా ఆయనా రెండు బళ్ల మీద తిరుగుతుంటాం. ఒకటి అడగాలనిపించింది, టెంట్లు ఇంకా విప్పలేదన్నారు కదా? ఈ రోజే మేడ మీద వేసి చూడండి. మాకు మొదటిసారి వెళ్లాక చూసుకుంటే ఒక కర్ర తక్కువ వచ్చింది. చీకట్లో, చలిలో, ఇద్దరం ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ చీపురు కర్రతో నిలబెట్టాం. మేడ మీద వేశాక బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే కుట్లలోంచి కారుతుందో లేదో కూడా తెలుస్తుంది.

గుంపులో వెళ్లేటప్పుడు ఘాట్ అలవాటు లేనివాళ్లని ముందు ఉంచండి, అందరూ వాళ్ల వేగంతోనే. బాగా నడిపేవారు చివర. వెనకబడ్డామన్న టెన్షన్‌తోనే కొత్తవాళ్లు మలుపుల్లో తప్పు చేస్తారు. దారి మారే ప్రతి జంక్షన్ దగ్గరా వెనకవాళ్లు కనబడేదాకా ఆగండి. సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, మ్యాపు ముందే ఫోన్లో దించుకోండి. వెనక కూర్చునేవారికి కూడా ఐఎస్ఐ హెల్మెట్ ఉండాలి. మంచులో హై బీమ్ వెయ్యొద్దు, వెలుగు మళ్లీ మన కళ్లలోకే కొడుతుంది.

ప్రశ్న వేసినవారు

అక్కా, నిన్న రాత్రి మేడ మీద వేశాం. ఒక టెంటు జిప్పు పాడై ఉంది, మార్చి తెచ్చుకున్నాం. మాస్టారూ, కుంపటి సంగతి మాకెవరికీ తెలియదు. నిజంగానే ఒకడు బొగ్గులు తెస్తానన్నాడు. ప్లాన్ మార్చేశాం: శనివారం ఉదయం 6కి బయల్దేరి, కల్యాణపులోవలో భోజనం, ఒంటిగంటకి నర్సీపట్నం, నాలుగులోపు తాజంగి. ఆదివారం చెరువులవేనం చూసి పదకొండుకల్లా ఘాట్ దిగడం మొదలుపెడతాం.

జవాబు (నర్సీపట్నం)

ఇప్పుడు బాగుంది తమ్ముడూ. ఒంటిగంటకి నర్సీపట్నం చేరకపోతే మాత్రం కల్యాణపులోవలో కూర్చునే టైము తగ్గించండి, ఘాట్ టైము తగ్గించొద్దు. మూడు దాటితే నర్సీపట్నంలోనే లాడ్జిలో పడుకుని, తెల్లవారి మంచు విడిచాక ఎక్కండి. అత్యవసరమైతే 108. నర్సీపట్నంలో ఏరియా ఆసుపత్రి ఉంది.

ప్రశ్న వేసినవారు (తొమ్మిది రోజుల తర్వాత)

వెళ్లొచ్చాం, అందరం క్షేమం. రావికమతం దాటాక క్లాసిక్ వెనక టైరు పంక్చరయింది. దగ్గరలో షాపు ఉంది కానీ ఆ సైజు ట్యూబు లేదు. మన సంచిలోది వేసి ఇచ్చారు, గంటన్నర పోయింది. కల్యాణపులోవలో ఇరవై నిమిషాలే ఆగాం. తాజంగి చేరేసరికి నాలుగుంబావు. టెంట్లు వేసి టీ తాగుతుంటే రిజర్వాయరు మీద మంచు దిగడం మొదలైంది. కాసేపటికి అవతలి ఒడ్డు కనబడలేదు. ఆ టైముకి మేం ఇంకా ఘాట్ మీద ఉండి ఉంటే ఏమయ్యేదో అని నలుగురం అనుకున్నాం.

రాత్రి చలి మేం ఊహించిన దానికంటే ఎక్కువే. ఫోమ్ షీట్లు మూడే తీసుకెళ్లాం, షీటు లేనివాడికి చోటు చూపించినాయన ఎండుగడ్డి మోపు తెచ్చి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. తెల్లవారి చెరువులవేనం మీద నుంచి చూస్తే మా కాళ్ల కింద మబ్బులు పాలు పొంగినట్టున్నాయి. దిగేటప్పుడు స్ప్లెండర్‌కి కాలిన వాసన వచ్చింది. బాబాయ్ గారు చెప్పినట్టే పావుగంట ఆపాం.

మాస్టారూ, చింతపల్లిదాకా రాలేకపోయాం. ఫిబ్రవరిలో ఆ పోలీస్ స్టేషను చూడ్డానికి వస్తాం. మీ బడి పిల్లలకి పుస్తకాలు తీసుకురావాలనుకుంటున్నాం. ఎన్నో తరగతివి కావాలో చెప్పండి.