జమీందారీ కాగితాలు: భాషల వారీగా విడగొట్టాలా, వచ్చిన కట్టల్లోనే ఉంచాలా?

పర్లాకిమిడి లైబ్రేరియన్: పాత జమీందారీ కచేరీలో పనిచేసిన ఒక గుమాస్తా కుటుంబం మూడు ట్రంకుపెట్టెలు మా గ్రంథాలయానికిచ్చింది. శిస్తు లెక్కలు, అర్జీలు, ఆయన సొంత ఉత్తరాలు, ఊరూరా పోగుచేసిన తాటాకు గ్రంథాలు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు అని మూడు కుప్పలు చేసి, మొత్తానికి ‘ఫలానా వారి సేకరణ’ అని పేరు పెడదామంటోంది కమిటీ. మీరేమంటారు?

బరంపురం రికార్డు కీపర్: కట్టలు కలపకండి మాస్టారూ. రైతు అర్జీ తెలుగులో, దాని మీద మేనేజరు ఆర్డరు ఇంగ్లీషులో, భూమి కొలిచే అమీను రిపోర్టు ఒడియాలో ఉంటాయి, మూడూ ఒకే దారానికి గుచ్చి. భాష చూసి విడదీస్తే అర్జీ ఒక పెట్టెలో, జవాబు ఇంకో పెట్టెలో. ఆర్డరు మీద తరచూ అర్జీ నంబరే ఉంటుంది, రైతు పేరుండదు. ఇక జత కలిపేదెవరు? ఎవరి పనిలో పుట్టిన కాగితం వాళ్ల కిందే ఉండాలన్నది 1841 నాటి ఫ్రాన్సు హోంశాఖ సర్క్యులరు నుంచీ నడుస్తున్న పద్ధతి. పేరూ దాన్నిబట్టే. మనిషివీ కుటుంబానివీ ‘పత్రాలు’, కచేరీవి ‘రికార్డులు’. ఏరి తెచ్చి పోగేసినవే ‘సేకరణ’. మీ పెట్టెల్లో మూడూ ఉన్నాయి.

జయపురం పాఠకుడు: చదివేవాళ్ల సంగతో? రీసెర్చి పిల్లలు ‘తెలుగులో ఏమున్నాయి’ అనే అడుగుతారు గానీ ఏ కచేరీవని అడగరు. పైగా తాటాకులకు పూసిన నిమ్మగడ్డి నూనె పక్కన కాగితాలుంటే వాటికి దిగి మరకలు పడతాయి. ఎలాగూ విడదీయక తప్పదు.

బరంపురం రికార్డు కీపర్: తాటాకులు వేరే బీరువాలో పెట్టండి, కాదన్నదెవరు? తీసిన చోట చీటీ ఉంచండి: ఏ కట్ట, ఎన్నోది, ఇప్పుడెక్కడుంది. జాబితాలో మాత్రం దాని పాత చోటే. భాషకి జాబితాలో ఒక గడి చాలు, పిల్లలు దాన్ని చూసి వెతుక్కుంటారు. దారం విప్పే ముందే కట్టకి ఫొటో తీసి, పై నుంచి కిందికి వరసగా పెన్సిలుతో మూలన నంబర్లు వేయండి. ఇంకు వద్దు, తడి తగిలితే పాకుతుంది.

రాయగడ శ్రోత: 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది కదా, అప్పటిదాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసు కాలం, ఒడిశా కాలం అని రెండు వరుసలు చేస్తే?

బరంపురం రికార్డు కీపర్: శిస్తు లెక్క ఫసలీ ప్రకారం, అంటే జూలైలో మొదలయ్యే శిస్తు సంవత్సరం ప్రకారం నడిచేది. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా. ఒకే పుస్తకాన్ని మధ్యకి చీలుస్తారా? సర్కారు మారింది గానీ ఆ కచేరీ పని మారలేదు.

జయపురం పాఠకుడు: సరే. ఎస్టేటు ముద్రున్న లెక్కలు గుమాస్తా ఇంట్లో దొరికాయి. అవి ఆయన పత్రాలా, ఎస్టేటు రికార్డులా?

బరంపురం రికార్డు కీపర్: ఎస్టేటువే. ఇంట్లో దాచినంత మాత్రాన ఆయనవైపోవు. ఆయన సొంత ఉత్తరాలు, డైరీ మాత్రం ఆయన పత్రాలే. ఇచ్చిన కుటుంబం పేరు ‘ఎలా వచ్చింది’ అన్న గడిలో రాయండి.

జయపురం పాఠకుడు: మూడు పెట్టెలిచ్చినవాళ్ల పేరు ఒక గడిలో మూల పడితే రెండో విడత ఇస్తారా? పైన కుటుంబం పేరే ఉంచి, దాని కింద మూడు భాగాలు చేయండి. నా ఓటు దానికే.