అప్‌డేట్: రోమన్ గణతంత్రాన్ని కూల్చింది లంచాలా, సేనానులా?

రోమన్ గణతంత్రం పతనానికి లంచగొండితనం మూలమా, లేక సొంత సైన్యాలు పెంచుకున్న సేనానులు కారణమా అని కిందటి నెల నేను అడిగాను. మీరు సూచించిన దారిలో చదివాక, ఆ రెంటినీ విడదీసి అడగడమే నా పొరపాటని తేలింది.

రోమ్ ఏలుబడిలోని రాష్ట్రాలను దోచుకున్న పాలకులను విచారించడానికి క్రీ.పూ. 149లోనే శాశ్వత న్యాయస్థానం ఏర్పడింది. అయితే అందులో తీర్పరులుగా సెనేటర్లు (రోమ్ పాలక సభ సభ్యులు) కూర్చోవాలా, పన్ను వసూళ్లను గుత్తకు తీసుకునే గుత్తేదారులతో సంబంధాలున్న అశ్విక వర్గం (సెనేటర్ల తర్వాతి సంపన్న వర్గం) కూర్చోవాలా అన్న తగవు దశాబ్దాల తరబడి సాగింది. ఆసియా రాష్ట్రంలో (నేటి పశ్చిమ టర్కీ) ఆ గుత్తేదారుల దోపిడీని అరికట్టిన రుటీలియస్ రూఫస్ అనే అధికారినే క్రీ.పూ. 92లో దోపిడీ నేరంపై శిక్షించారు. ఆయన ప్రవాసానికి అదే రాష్ట్రానికి వెళ్లగా, ఎవరిని దోచుకున్నాడని ఆయనను శిక్షించారో ఆ ప్రజలే ఆయనను ఆదరించారు. ఇంతకంటే చేదైన వ్యంగ్యం నాకు ఆ చరిత్రలో కనిపించలేదు.

ఎన్నికల ఖర్చు మరో ముడి. క్రీ.పూ. 54లో రోమ్‌లో అత్యున్నతమైన కాన్సుల్ పదవికి పోటీపడినవారు లంచాల కోసం ఎంత అప్పు చేశారంటే, రోమ్‌లో వడ్డీ రేటు 4 శాతం నుంచి 8 శాతానికి పెరిగింది. ఆ అప్పు తీరాలంటే గెలిచినవాడు రాష్ట్రాన్ని పిండుకోవాలి, లేదా యుద్ధానికి వెళ్లి కొల్లసొమ్ము తేవాలి. గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాలకు ముందు సేనాని సీజర్ కూడా అప్పుల్లో మునిగినవాడే. అంటే లంచమే సేనానిని యుద్ధభూమికి తరిమింది. సైన్యం అక్కడ ఆయన సొంతమైంది.

అయితే ఈ ఎన్నికల అప్పుల ఉదాహరణకు ముప్పై ఏళ్లకు పైగా ముందే, క్రీ.పూ. 88లోనే, సేనాని సుల్లా తన సైన్యంతో రోమ్ మీదికి దండెత్తాడన్న అభ్యంతరం మాత్రం నన్నింకా వదల్లేదు.